అమెరికా డెమోక్రసీనా, రిపబ్లిక్కా? సివిక్స్ టెస్ట్ మొదటి ప్రశ్న మీద సందేహం

పొద్దుతిరుగుడు
శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. 2025 అక్టోబరు 20 నుంచి పౌరసత్వం కోసం వేసిన ఎన్-400 దరఖాస్తులకు కొత్త సివిక్స్ టెస్ట్ పెడుతున్నారు కదా. 128 ప్రశ్నల జాబితాలో మొట్టమొదటిదే "అమెరికా ప్రభుత్వ స్వరూపం ఏమిటి?" అని. దానికి మూడు జవాబులు ఇచ్చారు. రిపబ్లిక్. రాజ్యాంగం ఆధారంగా నడిచే ఫెడరల్ రిపబ్లిక్. ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం, అంటే రిప్రజెంటేటివ్ డెమోక్రసీ. మూడింట్లో ఏది చెప్పినా సరిపోతుంది.

మరి "అమెరికా రిపబ్లిక్, డెమోక్రసీ కానే కాదు" అని వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా వాదిస్తుంటారే, అది ఎంతవరకు నిజం? రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు? వేరువేరైతే మూడు జవాబులూ ఎలా ఒప్పవుతాయి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పగలరు.

రాజ్యాంగపాఠి
శనివారం, ఉదయం 9:02

మంచి ప్రశ్న అడిగారండీ. ఈ రెండు మాటలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. చిక్కంతా అక్కడే.

రాజ్యం ఎవరి సొత్తు? వంశపారంపర్యంగా ఒక రాజుదా, జనానిదా? జనానిదైతే అది రిపబ్లిక్. నిర్ణయాల్లో చివరి మాట ఎవరిది? ఓటున్న జనానిదైతే అది డెమోక్రసీ. బ్రిటన్‌లో రాజు ఉన్నాడు కాబట్టి అది రిపబ్లిక్ కాదు, అయినా నిఖార్సైన డెమోక్రసీ. ఉత్తర కొరియా పేరులోనే రిపబ్లిక్ ఉంది, జనానికి ఎన్నుకునే వీలు మాత్రం లేదు. అమెరికాలో రాజు లేడు, ఓటు ఉంది. అందుకే రెండు మాటలూ వర్తిస్తాయి, మూడు జవాబులూ ఒప్పే.

రాజ్యాంగం మూలపాఠం తిరగేస్తే డెమోక్రసీ అనే మాట ఒక్కచోట కూడా కనిపించదు. రిపబ్లికన్ అనే మాట ఒకేచోట ఉంది: 4వ అధికరణం, 4వ సెక్షన్. ప్రతి రాష్ట్రానికీ రిపబ్లికన్ తరహా ప్రభుత్వం ఉండేలా అమెరికా హామీ ఇస్తుందని అందులో రాశారు. దానికి తోడు 1వ అధికరణం 9, 10 సెక్షన్లు కేంద్రమైనా రాష్ట్రమైనా ప్రభువుల బిరుదులు ఇవ్వకూడదంటాయి. రాజరికం దొడ్డిదారిన రాకుండా వేసిన గొళ్లెం అది.

స్వేచ్ఛాగంట
శనివారం, ఉదయం 11:40

రాజ్యాంగపాఠి గారూ, మీరు చెప్పింది నేటి నిఘంటువు అర్థం. అప్పటివాళ్లు ఈ రెండు మాటల్నీ కావాలనే విడదీశారు. రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన మాడిసన్, దాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 10వదానిలో డెమోక్రసీ వేరు, రిపబ్లిక్ వేరు అని స్పష్టంగా రాశాడు. డెమోక్రసీ అంటే 51 మంది కలిసి 49 మంది ఆస్తిని ఓటేసి లాగేసుకోవచ్చు. రిపబ్లిక్ అంటే చట్టం పైన ఉంటుంది, సంఖ్యాబలం కింద ఉంటుంది. అందుకే డెమోక్రసీ అనే మాట రాజ్యాంగంలో లేదు. "డెమోక్రసీ కాదు" అనేవాళ్ల మాటలో తప్పేముంది?

రాజ్యాంగపాఠి
శనివారం, మధ్యాహ్నం 1:25

మీరు మాడిసన్‌ను తెచ్చారు కాబట్టి ఆయన ఏం రాశాడో అక్షరం వెంట అక్షరం చూద్దాం. ఈ వాదన తొంభై పాళ్లు అక్కడే తప్పుదారి పడుతోంది.

ఆ వ్యాసం అచ్చయింది 1787 నవంబరు 22న. అందులో ఆయన డెమోక్రసీ అని ఊరుకోలేదు, ప్యూర్ డెమోక్రసీ అన్నాడు. కొద్దిమంది పౌరులు ఒకచోట కూడి స్వయంగా పాలించుకునే సమాజం అని దానికి అర్థం చెప్పాడు. ప్రతినిధుల ద్వారా పాలన సాగే ఏర్పాటుకు రిపబ్లిక్ అని పేరు పెట్టాడు. రెండింటికీ తేడాలు కూడా లెక్కపెట్టి రెండే చెప్పాడు. ఒకటి, పాలన పౌరులు ఎన్నుకున్న కొద్దిమంది చేతికి వెళ్లడం. రెండు, ఎక్కువ జనాన్నీ ఎక్కువ భూభాగాన్నీ కలుపుకోగలగడం. "చట్టం పైన, మెజారిటీ కింద" అనేది ఈ రెండింట్లోనూ లేదు.

మెజారిటీ దౌర్జన్యానికి ఆయన సూచించిన మందు కూడా మీరనుకున్నది కాదు. దేశం పెద్దదైతే వర్గాలు, ప్రయోజనాలు, మతశాఖలు ఎక్కువవుతాయి. అన్నీ కలిసి ఒకే చెడ్డ కోరిక మీద మెజారిటీ కావడం కష్టమవుతుంది. ఆయన నమ్ముకున్నది విస్తీర్ణాన్ని. నేటి మాటల్లో చెప్పాలంటే ఆయన ప్యూర్ డెమోక్రసీ మన ప్రత్యక్ష ప్రజాస్వామ్యం, ఆయన రిపబ్లిక్ మన ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం. టెస్టులో మూడో జవాబు అదే కదా!

39వ వ్యాసంలో నిర్వచనాన్ని ఇంకా బిగించాడు. అధికారమంతా నేరుగానో పరోక్షంగానో జనసామాన్యం నుంచే రావాలి, పదవుల్లో ఉన్నవాళ్లు కొంతకాలానికో, సత్ప్రవర్తన ఉన్నంతకాలమో మాత్రమే ఉండాలి అన్నాడు. జనసామాన్యం నుంచి అన్నమాట గమనించండి. ఏ కొద్దిమంది ప్రభువర్గం నుంచో వస్తే అది రిపబ్లిక్ కాదని ఆయనే రాశాడు.

51, 49 అన్నారు. ఆ బ్రేకు రిపబ్లిక్ అనే మాటలో లేదండీ. ఉంటే రోడ్ ఐలండ్‌లో 1840ల దాకా 134 డాలర్ల విలువైన భూమి ఉన్నవాడికే ఓటు అనే నియమం ఎలా నిలిచింది? బానిసత్వం నడిచిన రాష్ట్రాలను కూడా ఆనాడు రిపబ్లిక్కులనే అన్నారు. 1875లో మైనర్ వర్సెస్ హాపర్‌సెట్ కేసులో మహిళలకు ఓటు లేకపోయినా రాష్ట్రం రిపబ్లికన్‌గానే ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగం ఆమోదించే నాటికి దాదాపు ఏ రాష్ట్రంలోనూ ఆడవాళ్లకు ఓటు లేదు కదా అన్నది ఆ తీర్పులోని తర్కం. బలహీనుణ్ని కాపాడే బ్రేకులు వేరేచోట ఉన్నాయి: 1791 బిల్ ఆఫ్ రైట్స్ (పౌరుల హక్కులను కాపాడే మొదటి పది సవరణలు), రాష్ట్రాలు అందరికీ సమాన రక్షణ ఇవ్వాలనే 1868 నాటి 14వ సవరణ, వాటిని అమలుచేసే కోర్టులు. దాని పేరు రాజ్యాంగబద్ధ పాలన. దాన్ని రిపబ్లిక్ ఖాతాలో వేయడం వల్లే ఈ గందరగోళం.

స్వేచ్ఛాగంట
శనివారం, మధ్యాహ్నం 3:05

39వ వ్యాసం సంగతి ఒప్పుకుంటున్నాను. పరిమిత ప్రభుత్వం అనే భావనకు నేను రిపబ్లిక్ అనే పేరు వాడాను, అది సరికాదు. కానీ ఒక్కటి. బ్రేకులు ముఖ్యమన్న నా మాట నిలుస్తుంది. స్కూలు పిల్లలు జెండాకు చెప్పే ప్రతిజ్ఞలో కూడా "ఆ జెండా ప్రతినిధిగా నిలిచే రిపబ్లిక్‌కు" అనే ఉంది.

రాజ్యాంగపాఠి
శనివారం, మధ్యాహ్నం 3:31

బ్రేకులు ముఖ్యమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ప్రతిజ్ఞ మీదే 1943లో వెస్ట్ వర్జీనియా వర్సెస్ బార్నెట్ కేసు వచ్చింది. పిల్లలచేత బలవంతంగా జెండా వందనం, ప్రతిజ్ఞ చేయించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాథమిక హక్కులను ఓటింగుకు పెట్టరాదన్న వాక్యం ఆ తీర్పులోదే. మీరు వెతుకుతున్న బ్రేకు అది. కోర్టు దాన్ని మొదటి, 14వ సవరణల మీద నిలబెట్టింది.

నల్లమల
శనివారం, సాయంత్రం 5:48

4వ అధికరణం హామీ గురించి ఒక సందేహం. ఫలానా రాష్ట్రం రిపబ్లికన్‌గా లేదు అని సుప్రీంకోర్టు ఎప్పుడైనా కొట్టేసిందా? లేకపోతే ఆ హామీకి విలువేంటి?

కొలంబియాతీరం
శనివారం, రాత్రి 7:20

ఎప్పుడూ కొట్టేయలేదు. కారణం రెండు కేసుల్లో ఉంది.

మొదటిది 1849, లూథర్ వర్సెస్ బోర్డెన్. పైన చెప్పిన రోడ్ ఐలండే. అప్పటికి ఆ రాష్ట్రం 1663లో బ్రిటిష్ రాజు ఇచ్చిన చార్టర్ మీదే నడుస్తోంది. ఓటు లేనివాళ్లు 1841లో సొంతంగా ఒక రాజ్యాంగం రాసుకుని, థామస్ డార్ అనే ఆయన్ను గవర్నర్‌గా ఎన్నుకున్నారు. ఒకే రాష్ట్రంలో రెండు ప్రభుత్వాలు. పాత ప్రభుత్వం సైనికులు డార్ పక్షం మనిషి ఇంట్లోకి చొరబడితే అతను దావా వేశాడు. ఏది అసలు ప్రభుత్వం అన్న ప్రశ్న కోర్టు తేల్చేది కాదు, కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, తేల్చుకోవాలి అని సుప్రీంకోర్టు చేతులెత్తేసింది. రాజకీయ ప్రశ్న అనే సిద్ధాంతం ఈ కేసు నుంచే స్థిరపడింది.

రెండోది ఈ చర్చకు ఇంకా దగ్గర. ఆరెగాన్ 1902లో ఇనిషియేటివ్ తెచ్చుకుంది. అంటే శాసనసభ ప్రమేయం లేకుండా జనమే సంతకాలు సేకరించి, ఓటేసి చట్టం చేసుకోవచ్చు. 1906లో అలాగే టెలిఫోన్, టెలిగ్రాఫ్ కంపెనీల మొత్తం రాబడి మీద 2 శాతం పన్ను వేశారు. "జనం నేరుగా చట్టం చేస్తే అది డెమోక్రసీ, రిపబ్లిక్ కాదు, కాబట్టి ఈ పన్ను చెల్లదు" అని ఒక టెలిఫోన్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేటి వాట్సాప్ వాదనను అచ్చంగా కోర్టులో పెట్టి చూశారన్నమాట. 1912లో కోర్టు జవాబు మళ్లీ అదే: ఇది కాంగ్రెస్ చూసుకోవాలి. ఆరెగాన్ సభ్యులను కాంగ్రెస్ కూర్చోబెట్టుకుంటూనే ఉంది కాబట్టి ఆ రాష్ట్రం రిపబ్లికన్‌గానే కొనసాగింది.

ఆ హామీని కాంగ్రెస్ గట్టిగా వాడింది అంతర్యుద్ధం తర్వాత. 1867 పునర్నిర్మాణ చట్టాలతో దక్షిణ రాష్ట్రాల ప్రభుత్వాలను మళ్లీ కట్టించింది. నల్లజాతి పురుషులకు ఓటు ఇచ్చే కొత్త రాజ్యాంగాలు రాసుకుంటేనే ఆ రాష్ట్రాల సభ్యులను లోపలికి రానిచ్చింది.

పొద్దుతిరుగుడు
ఆదివారం, ఉదయం 7:55

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇనిషియేటివ్ అన్నారు కదా, కాలిఫోర్నియా బ్యాలట్‌లో ప్రాపొజిషన్ అని నంబర్లతో వచ్చేవి ఇవేనా? అసలు అది ఎలా నడుస్తుంది?

బేఏరియాబ్యాలట్
ఆదివారం, ఉదయం 10:15

అవేనండీ. ఆ నంబర్లలో శాసనసభ పంపినవి కూడా ఉంటాయి, జనం సంతకాలతో తెచ్చినవీ ఉంటాయి. జనం తెచ్చేవాటి దారి కొంచెం వివరంగా రాస్తాను. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం ఎక్కడ పదునెక్కుతుందో, ఎక్కడ తెగుతుందో అందులోనే కనిపిస్తుంది.

ముందు చట్టం ముసాయిదా రాసి, 2,000 డాలర్ల ఫీజుతో రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కు ఇవ్వాలి. బ్యాలట్‌కు ఎక్కితే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు. 30 రోజులు జనం అభిప్రాయాలు తీసుకుంటారు. తర్వాత అటార్నీ జనరల్ 100 మాటలు మించకుండా శీర్షిక, సారాంశం రాస్తారు. ఓటర్లలో చాలామంది చదివేది ఈ 100 మాటలే, కాబట్టి పోరాటం ఇక్కడే మొదలవుతుంది. ఆ సారాంశం చేతికొచ్చాక సంతకాలకు 180 రోజులు గడువు.

ఎన్ని సంతకాలు? మామూలు చట్టానికి గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాష్ట్ర రాజ్యాంగ సవరణకు 8 శాతం. 2022 ఎన్నిక లెక్కన 5,46,651, 8,74,641. రాజ్యాంగాన్ని మార్చడానికి కావాల్సింది పోలైన ఓట్లలో కేవలం మరో 3 శాతం. ఫెడరల్ రాజ్యాంగంతో పోల్చండి: ఉభయసభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. అక్కడ జనం నేరుగా ఓటేసే దారి అసలు లేదు. జాతీయ స్థాయిలో ఇనిషియేటివ్ గానీ, చట్టాన్ని జనం ఓటుకు పెట్టే రెఫరెండం గానీ లేవు.

సంతకాలన్నీ ఒక్కొక్కటిగా సరిచూడరు. కౌంటీ (మన జిల్లా లాంటిది) వారీగా 3 శాతం లేదా 500, రెండింట్లో ఏది ఎక్కువైతే అన్ని, లాటరీ పద్ధతిలో తీసి సరిచూస్తారు. దాన్నిబట్టి అంచనా 110 శాతం దాటితే నేరుగా బ్యాలట్‌కు, 95 లోపైతే చెత్తబుట్టకు, మధ్యలో ఉంటే అప్పుడు ఒక్కొక్క సంతకం చూస్తారు.

కొత్తగా చేసేవాళ్లు దెబ్బతినేది డూప్లికేట్లతో. ఒకే మనిషి రెండుసార్లు సంతకం పెట్టిన జత 3 శాతం శాంపిల్‌లో దొరికిందంటే, మొత్తం గుట్టలో అలాంటివి ఎన్నో ఉండాలని లెక్క. రెండు సంతకాలూ శాంపిల్‌లో పడే అవకాశం 3 శాతంలో 3 శాతం కాబట్టి, దొరికిన ప్రతి జతకూ వెయ్యికి పైగా సంతకాలు కోత పడతాయి. ఇంకో కౌంటీలో రిజిస్టరైన ఓటరు సంతకం, మారిన చిరునామా మామూలు నష్టాలు. అందుకే కావాల్సిన దానికంటే బాగా ఎక్కువ సేకరించి పెట్టుకుంటారు.

గెలవడానికి పోలైన ఓట్లలో సగం దాటితే చాలు. గెలిచాక శాసనసభ దాన్ని ముట్టుకోలేదు. ఇనిషియేటివ్‌లోనే అనుమతి రాసి ఉంటే తప్ప, సవరణ మళ్లీ జనం ఓటుకే వెళ్లాలి. తప్పు దొర్లితే దిద్దుకోవడం కష్టం. శాసనసభ బిల్లుకు కమిటీలో అడ్డుతగిలి, వాక్యం మార్చి, రాజీ కుదిర్చే దశలుంటాయి. బ్యాలట్ మీద అవునూ, కాదూ రెండే.

1978 జూన్‌లో గెలిచిన ప్రాపొజిషన్ 13 చూడండి. ఆస్తి పన్ను విలువలో 1 శాతం మించకూడదు, లెక్కకు తీసుకునే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడో, కొత్తగా కట్టినప్పుడో మాత్రమే కొత్త ధర. లక్ష డాలర్ల విలువతో మొదలైన ఇల్లు 40 ఏళ్లకు కాగితం మీద సుమారు 2,20,800 అవుతుంది, మూల పన్ను 2,208 డాలర్లు. పక్కనే అదే కొలతల ఇంటిని 10 లక్షలకు కొన్నవాళ్లు కట్టేది 10,000. దీన్ని సుప్రీంకోర్టు 1992లో సమర్థించింది. పన్నులు పెంచాలంటే శాసనసభలో మూడింట రెండు వంతులు కావాలన్న షరతు కూడా అప్పుడే వచ్చింది. అంటే ఆ రోజు గెలిచిన మెజారిటీ, తర్వాతి మెజారిటీల చేతులు కట్టేసింది.

రాజ్యాంగపాఠి
ఆదివారం, ఉదయం 11:30

అద్భుతమైన వివరం. దీనికి బ్రేకు ఎలా పడుతుందో కాలిఫోర్నియా నుంచే చెబుతాను. 1964లో ప్రాపొజిషన్ 14 సుమారు 65 శాతం ఓట్లతో నెగ్గింది. జాతిని చూసి ఇల్లు అమ్మనని, అద్దెకివ్వనని అనకూడదన్న చట్టాన్ని అది వట్టిపోయేలా చేసింది. 1967లో సుప్రీంకోర్టు 14వ సవరణ కింద దాన్ని కొట్టేసింది. 65 శాతం మద్దతు ఉందన్నది ఆ కేసులో దానికి అక్కరకు రాలేదు. 2008లో స్వలింగ వివాహాలను నిషేధించిన ప్రాపొజిషన్ 8 కూడా 52 శాతంతో నెగ్గి ఫెడరల్ కోర్టులో పడిపోయింది. కానీ ఆ వాక్యం మాత్రం రాష్ట్ర రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది. దాన్ని చెరపడానికి 2024లో మళ్లీ ఓటు పెట్టాల్సివచ్చింది, ప్రాపొజిషన్ 3.

మేపుల్‌చెట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మాడిసన్ చెప్పిన ప్యూర్ డెమోక్రసీని కళ్లతో చూడాలంటే వర్మాంట్ వెళ్లాలి. మార్చి మొదటి మంగళవారం టౌన్ మీటింగ్. రిజిస్టరైన ఓటర్లే శాసనసభ. రోడ్ల బడ్జెట్, ఫైరింజను కొనుగోలు అక్కడే తేలుస్తారు. అజెండాను వార్నింగ్ అంటారు. మీటింగుకు 30 నుంచి 40 రోజుల ముందు అంటించాలి. 5 శాతం ఓటర్ల సంతకాలుంటే మామూలు మనిషి కూడా అందులో అంశం చేర్పించవచ్చు. ముందు సభను నడిపే మోడరేటర్‌ను ఎన్నుకుంటారు. కేకతో ఓటు. ఫలితం మీద ఒక్కరు అనుమానం చెప్పినా మనుషుల్ని విడదీసి లెక్కపెట్టాలి, ఏడుగురు అడిగితే కాగితం బ్యాలట్. వార్నింగ్‌లో లేని విషయం చివర్లో "ఇతర అంశాలు" కింద ఎంత మాట్లాడినా అది ఎవరినీ కట్టుబడేలా చేయదు. రాలేనివాడికి తెలియకుండా నిర్ణయం జరగకూడదని ఆ నియమం.

ఊరు పెరిగితే ఏమవుతుందో మసాచుసెట్స్‌లోని బ్రూక్లైన్‌లో కనిపిస్తుంది. అందరూ హాల్లో పట్టక 1915లో ప్రతినిధుల టౌన్ మీటింగ్‌కు మారారు, ప్రిసింక్టుకు, అంటే ఓటింగు వార్డుకు, 15 మందిని ఎన్నుకుంటారు. 6,000 లోపు జనాభా ఉన్న టౌన్లకు ఆ రాష్ట్రంలో ఈ మార్పు కుదరదు, ఓటర్లందరూ పాల్గొనగలిగే మీటింగే ఉండాలి.

నల్లమల
ఆదివారం, సాయంత్రం 4:36

సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు, అధ్యక్షుణ్ని రాష్ట్రాలవారీ ఎలక్టర్లు ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ... ఇవన్నీ రిపబ్లిక్ కాబట్టే అంటారు. అది కరెక్టేనా?

కొలంబియాతీరం
ఆదివారం, సాయంత్రం 6:02

అది ఫెడరల్, అంటే రాష్ట్రాల సమాఖ్య, అన్న మాట చేసే పని, రిపబ్లిక్ చేసే పని కాదు. 2020 లెక్కల్లో వయోమింగ్ జనాభా 5,76,851, కాలిఫోర్నియా 3,95,38,223. ఇద్దరు సెనేటర్లు అక్కడా, ఇద్దరే ఇక్కడా. 68 రెట్ల తేడా. మనదీ గణతంత్రమే, కానీ రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు 1. ఫ్రాన్స్ రిపబ్లిక్కే, అధ్యక్షుణ్ని జనం నేరుగా ఎన్నుకుంటారు. కాబట్టి 2016లో దాదాపు 29 లక్షల ఓట్లు తక్కువ వచ్చిన అభ్యర్థి గెలవడానికి కారణం రాష్ట్రాలవారీ లెక్క. మంచిదా, చెడ్డదా అని వాదించవచ్చు, కానీ "రిపబ్లిక్ కాబట్టి" అంటే జవాబు చెప్పినట్టు కాదు.

ఒకటి గుర్తుంచుకోండి. మొదట్లో జనం నేరుగా ఎన్నుకున్నది ప్రతినిధుల సభ ఒక్కదాన్నే. సెనేటర్లను రాష్ట్ర శాసనసభలు పంపేవి. 1913లో 17వ సవరణతో అది జనం చేతికొచ్చింది. 1920లో మహిళలకు ఓటు, 1965లో ఓటుహక్కు చట్టం, 1971లో 18 ఏళ్లకు ఓటు. ఈ మార్పుల్లో ఒక్కదానివల్ల కూడా అమెరికా రిపబ్లిక్ కాకుండా పోలేదు. డెమోక్రసీ పాలు పెరుగుతూ వచ్చింది.

పొద్దుతిరుగుడు
ఆదివారం, రాత్రి 8:15

ఇప్పుడు తేటతెల్లమైంది. చివరగా ఒక్కటి. పెద్దవాళ్లు తెలుగులో ఇంటర్వ్యూ ఇస్తే ఈ ప్రశ్నకు ఏం చెప్పాలి? గణతంత్రం అనాలా, ప్రజాస్వామ్యం అనాలా?

రాజ్యాంగపాఠి
ఆదివారం, రాత్రి 9:04

50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లీషు మినహాయింపు ఉంటుంది. దుబాసీతో తెలుగులో చెప్పొచ్చు. టెస్ట్ మాత్రం పూర్తిదే: 20 ప్రశ్నలు, 12 ఒప్పు కావాలి. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు నక్షత్రం గుర్తున్న 20 ప్రశ్నల నుంచే 10 అడుగుతారు, 6 చాలు.

వట్టి "ప్రజాస్వామ్యం" అని ఆపకండి. దుబాసీ దాన్ని డెమోక్రసీ అని చెబుతారు, జాబితాలో ఉన్నది ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం. గణతంత్రం అంటే సరిపోతుంది, కానీ దుబాసీకి ఆ మాట తట్టకపోతే తడబాటు. అన్నిటికంటే భద్రం "రిపబ్లిక్" అన్న మాటే, తెలుగులోనూ అందరికీ తెలిసిందే. "రిపబ్లికన్" అని మాత్రం అనొద్దని పెద్దవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పండి, వినేవాళ్లకు అది పార్టీ పేరవుతుంది.